శ్రీమదాంగ్ల శిక్షణేశ్వర స్తోత్రం

శ్రీకాకుళపు ఆంధ్రనాయకుణ్ణి కాసుల పురుషోత్తమ కవి, సింహాద్రి అప్పన్నను గోగులపాటి కూర్మనాథ కవి నిలదీస్తూనే పొగిడారు. గోల్కొండ చెరసాలలో కూర్చుని రామదాసు తాను చేయించిన నగలకు పేరుపేరునా లెక్కచెప్పి మరీ రాముణ్ణి కీర్తించాడు. వాళ్ల దేవుళ్లకు గుళ్లున్నాయి, కోపమొస్తే వెళ్లి ఎదురుగా నిలబడటానికి ఒక చోటుంది. నీకు గుడి లేదు శిక్షణేశ్వరా! మండల వనరుల కేంద్రంలో ఓ హాలు, చేతులు ఊడిన ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు కట్టిన ఫ్లెక్సీ, దానిమీద ఈ ఏడు నీకు పెట్టిన కొత్త పేరు. అయినా నీ ఉత్సవం తప్పిన ఏడాది లేదు. ఎండలు మండినా, ఎన్నికలొచ్చినా, సర్కార్లు మారినా నీ పల్లకీ ఆగదు.

తెలుగు ఇళ్లలోంచి వచ్చే అయిదారేళ్ల పిల్లలకు ఇంగ్లిష్ నేర్పాలి. నేర్పాల్సిన టీచరు కూడా తెలుగు ఇంట్లోంచే వచ్చింది. ఆమెను అందుకు సిద్ధం చేసే భారం నీ భుజాన వేసుకున్నావు. మేము సెకండరీ గ్రేడ్ టీచర్లం, అంటే ఎస్జీటీలం, నీకు ఏటా హాజరు వేయించుకునే భక్తులం. మేము కాక నిన్ను పొగిడేవాళ్లెవరు?

నీ వంశం ఏమన్నా తక్కువదా! 1835 ఫిబ్రవరి 2న మెకాలే దొర రాసిన మినిట్‌లో నీకు బీజం పడింది. ఉన్న డబ్బుతో జనం మొత్తానికీ చదువు చెప్పడం మావల్ల కాదు, ముందు కొందర్ని తయారుచేద్దాం, వాళ్లే మిగతావాళ్లకు అందిస్తారని ఆయన లెక్క. పైవాడి చెవిలో చెబితే కిందివాడి చెవికి చేరుతుందన్న ఆ నమ్మకాన్ని నువ్వు ఇన్నేళ్లూ వాడిపోకుండా కాపాడుకొచ్చావు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక నీకు క్షేత్రాలు వెలిశాయి. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, అదే నేటి ఇఫ్లూ. 1963లో బెంగళూరులో దక్షిణాది రాష్ట్రాల టీచర్ల కోసం రీజనల్ ఇన్‌స్టిట్యూట్. ఈ రెంటికీ నడుమ, 1961లో, ఉగాండాలోని మకెరెరేలో కామన్వెల్త్ దేశాల ఇంగ్లిష్ పెద్దలు సమావేశమయ్యారు. అక్కడినుంచి నీకు పంచసూత్రాలు సంక్రమించాయి. ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే చెప్పాలి. చెప్పేవాడు పుట్టుకతో ఇంగ్లిష్‌వాడైతే మరీ శ్రేష్ఠం. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మేలు. ఎన్ని గంటలు చెబితే అంత వస్తుంది. మధ్యలో ఇంకో భాష దూరితే ఇంగ్లిష్ చెడుతుంది.

ఈ అయిదూ అయిదు భ్రమలని భాషావేత్త రాబర్ట్ ఫిలిప్‌సన్ 1992లో 'లింగ్విస్టిక్ ఇంపీరియలిజం' అనే పుస్తకంలో ఒక్కొక్కటిగా విప్పిచూపించాడు. మూడు దశాబ్దాలు గడిచాయి. నువ్వు చలించలేదు. నిందకు కుంగని, విమర్శను విననైనా వినని స్థితప్రజ్ఞుడివి నువ్వు.

నువ్వు పైనుంచి మా దాకా దిగివచ్చే తీరు కళ్లారా చూడాల్సిందే. రాష్ట్రంలో ఎస్ఆర్‌పీలు, జిల్లాలో డీఆర్‌పీలు, మండలంలో ఎంఆర్‌పీలు అనే రిసోర్స్ పర్సన్లు, చిట్టచివర కాంప్లెక్స్ మీటింగ్‌లో మేము. రాజధానిలో నిపుణుడు ఒక పాఠం చెప్పి, అలా ఎందుకు చెప్పాలో పూటంతా చర్చిస్తాడు. జిల్లాకు వచ్చేసరికి చర్చ పోయి స్లైడ్లు మిగులుతాయి. మండలానికి వచ్చేసరికి స్లైడ్లు పోయి వాటి జిరాక్సులు మిగులుతాయి. మా దగ్గరికొచ్చేసరికి "పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను, చూసుకోండి" అన్న మాటొక్కటే మిగులుతుంది. పిలవని చుట్టాలు పదిమంది దిగినా పెళ్లింటి మజ్జిగ ఇంత పలచన కాదు. అయితే ఏం, పైన రిజిస్టర్‌లో మాత్రం నూటికి నూరుమందీ శిక్షణ పొందినవాళ్లమే.

2019 ఆగస్టులో నువ్వు 'నిష్ఠ' అవతారమెత్తావు. దేశం మొత్తంమీద 42 లక్షలమంది టీచర్లను తరింపజేస్తానన్నావు. మరుసటి ఏడు కరోనా వచ్చింది. నువ్వు బెదరలేదు, దీక్ష పోర్టల్‌లోకి పరకాయ ప్రవేశం చేసి మా ఫోన్లలో వెలిశావు. ఆహా, ఏమి సౌలభ్యం! కుక్కర్ మూడో కూత కూస్తుండగా మాడ్యూల్ దానంతటది నడిచేది. చివర క్విజ్‌లో తప్పు పోతే మళ్లీ రాసే వీలిచ్చావు. ఆ వీలు కూడా అక్కర్లేకుండా జవాబులు తెల్లారేసరికి గ్రూపులోకి వచ్చేవి. సర్టిఫికెట్ పేరుతో సహా అచ్చయి చేతికొచ్చింది. తపస్సు లేకుండా వరమిచ్చే దేవుణ్ణి పురాణాల్లో కూడా చూడలేదు స్వామీ!

అన్నిటికన్నా గొప్పది నీ ఔదార్యం. మా లోటేదో నీకు బాగా తెలుసు. మాలో చాలామంది పదోతరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లం. తర్వాత ఇంటర్, డైట్‌లో రెండేళ్లు, ఆపైన డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపు. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, రాయమంటే తంటాలుపడి రాస్తాం, నోరు తెరిచి అయిదు నిమిషాలు మాట్లాడమంటే గొంతు తడారిపోతుంది. ఇంత తెలిసినవాడివి గనకనే మాకు ఇంగ్లిష్ తప్ప మిగతావన్నీ నేర్పావు. నీ మాడ్యూల్‌లో మెథడాలజీ ఉంది, లెసన్ ప్లాన్ ఉంది, లెర్నింగ్ అవుట్‌కమ్స్ ఉన్నాయి, రూబ్రిక్స్ ఉన్నాయి, ప్రీ టెస్టూ పోస్ట్ టెస్టూ ఉన్నాయి. నలుగురు టీచర్లు కూర్చుని, తప్పో ఒప్పో, ఒక గంట ఇంగ్లిష్‌లో కబుర్లు చెప్పుకునే పీరియడ్ మాత్రం టైంటేబుల్లో ఏ మూలా లేదు. ఆడంబరం లేని ఆ పనికి ఫొటో బాగా రాదని నీకు ముందే తెలుసు.

ఆ గంట దొరికినచోట ఏం జరుగుతుందో కూడా నీకు తెలుసు. ఆ బెంగళూరు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి నెలరోజుల కోర్సు చేసొచ్చిన మావాళ్లను అడిగితే చెబుతారు. పక్క మంచం కన్నడ టీచరుది, ఎదుటి గది మలయాళ టీచరుది. సాంబారు ఇంకొంచెం వెయ్యమనాలన్నా, బాత్రూంలో నీళ్లు రావడం లేదని చెప్పాలన్నా ఇంగ్లిష్ తప్ప దారిలేదు. రెండో వారానికల్లా సిగ్గు చచ్చిపోయి నోరు లేచింది. ఇలాంటి కోర్సుకు మండలానికొకరో ఇద్దరో పోతే ఎక్కువ, మిగిలిన మాకందరికీ ఫ్లెక్సీ కింద గ్రూప్ ఫొటో చాలన్నావు. అందరికీ అమృతం పంచితే దేవతల గౌరవం ఏంకాను?

ఇక హాల్లో నీ లీలలు చెప్పనలవి కాదు. పదవీ విరమణకు రెండేళ్ల దూరంలో ఉన్న హెడ్మాస్టరు గారిచేత ఏనుగు నడక నడిపించావు. షుగరూ మోకాళ్ల నొప్పులూ ఉన్న టీచరమ్మచేత చప్పట్లు కొట్టించి, గిరగిర తిప్పించి, దానికి ఎనర్జైజర్ అని పేరు పెట్టావు. చార్టులూ స్కెచ్ పెన్నులూ పంచి అయిదు గ్రూపులు చేశావు. ఒక గ్రూపు టీచర్లు, మిగతా నాలుగు గ్రూపులు పిల్లలు. ఆ పిల్లలకు బీఈడీలు కూడా ఉన్నాయి! "వాట్ ఈజ్ దిస్?" అని అడగ్గానే "దిస్ ఈజ్ ఏ మ్యాంగో" అని అందరూ ఒక్క గొంతుతో చెప్పేవాళ్లు. ఏడ్చిన పిల్ల లేదు, పాస్‌కు పోతానన్న పిల్లాడు లేడు, పెన్సిల్ ముక్క కోసం కొట్టుకున్నవాళ్లు లేరు. అలాంటి తరగతిలో నీ పద్ధతి ఏనాడూ విఫలం కాలేదు.

అసలు పిల్లల ముందుకు పోయి నిరూపించుకోవాలన్న చాదస్తం భాషాబోధన పరిశోధకుడు ఎన్.ఎస్. ప్రభు లాంటివాళ్లకు ఉండేది. 1979 నుంచి 1984 దాకా ఆయనా ఆయన సహచరులూ దక్షిణాదిలో మామూలు బడులు ఎంచుకుని, వ్యాకరణం బట్టీ పట్టించకుండా చిన్న చిన్న పనులు చేయిస్తూ ఇంగ్లిష్ నేర్పి చూశారు. మ్యాపు చూసి దారి చెప్పడం, రైళ్ల టైంటేబుల్ చూసి ఏ బండి ఎక్కాలో తేల్చడం లాంటి పనులు. పాఠాలు చెప్పినవాళ్లు దొరలు కారు, తరగతిలోని పిల్లలు దొరల పిల్లలూ కారు. భాష నేర్పడంలో టాస్క్ పద్ధతి అని ప్రపంచం నేడు చెప్పుకునేదానికి, బెంగళూరు ప్రాజెక్టుగా పేరుపడ్డ ఆ ప్రయోగం ఒక తొలి మెట్టు. ఇక్కడి బడుల్లో పుట్టిన ఆ మాట విదేశీ పుస్తకాలన్నీ తిరిగి, తెల్లకోటు తొడుక్కుని వస్తే గాని నువ్వు గుర్తుపట్టవు. ఇంటివాణ్ణి గడపలో నిలబెట్టి అతిథికి పీట వేయడమే కదా మర్యాద!

ఫోనిక్స్ విషయంలో నీ సూక్ష్మదృష్టిని ఎంత మెచ్చినా తక్కువే. ఇంగ్లిష్‌కు అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44. అక్షరం పేరు కాదు, దాని శబ్దం ముందు చెప్పాలంటావు. జాలీ ఫోనిక్స్ 42 శబ్దాలను గుంపులుగా నేర్పుతుంది. మొదటి గుంపు ఎస్, ఎ, టి, ఐ, పి, ఎన్. ఆ ఆరింటితోనే పిల్ల సిట్, పిన్, ట్యాప్ లాంటి మాటలు కూడబలుక్కుని చదివేస్తుంది. చక్కని పద్ధతి, కాదన్నవాడి నోట మన్ను. కాకపోతే గుర్తుకూ శబ్దానికీ ముడివేసి నేర్పడం మాకు కొత్తా? క, కా, కి, కీ అంటూ గుణింతం వల్లించి బతికినవాళ్లం. గుణింతం చెప్పే నోటితోనే ఇదీ చెప్పొచ్చమ్మా అని ఒక్కమాట అంటే మాకు సగం భయం పోయేది. అంటే మరి నీ ప్రత్యేకత ఏముంటుంది?

'క్యాట్'లో స్వరం పలకడానికి దవడ ఎంత దించాలో నువ్వు స్లైడు మీద బొమ్మ వేసి చూపించావు. పక్క కుర్చీలో గోదావరి జిల్లా టీచరమ్మ ఫోన్‌లో "బాబు ఇందాకే వెళ్లాడు" అంటోంది. ఆ 'వెళ్లాడు'లో ఆవిడ నోట పలికింది నీ క్యాట్‌లోని స్వరమే. నువ్వు వినిపించుకోలేదు, సెషన్‌లో ఫోన్ వాడొద్దన్నావు. షిప్పుకూ షీపుకూ తేడా చెవికి పట్టాలని అద్దం ముందు సాధన చేయమన్నావు. ఆ తేడా లేని భాషలవాళ్ల కోసం ఎక్కడో ఎవరో రాసిన వర్క్‌షీట్ అది. 'కిటికీ' అని పలక మీద దిద్దే పిల్లకు హ్రస్వదీర్ఘాల గొడవ ఎప్పుడో తీరిపోయింది. ఆ పిల్లకు నిజంగా కష్టమైనవి వేరే ఉన్నాయి. మాట ఎ మీద మొదలైతే ముందు య వచ్చి కూర్చుని 'యెగ్గు' అవుతుంది. ఓ మీద మొదలైతే వ వచ్చి 'వోన్లీ' అవుతుంది. మనది అజంత భాష కాబట్టి హల్లు మీద ఆగలేక బుక్కు, పెన్ను, బస్సు అని చివర ఉత్వం తగిలించుకుంటుంది. ఇవి తెలుగు పిల్లల తిప్పలు, తెలుగు టీచరుకు మాత్రమే తెలిసిన తిప్పలు. వాటిమీద నీ మాడ్యూల్‌లో ఒక్క పేజీ లేదు. అందరినీ సమానంగా చూసే దేవుడివి, ఎవరి భాష ఏదో నీకెందుకు?

శిక్షణేశ్వరా, నీ ఆజ్ఞల్లోకెల్లా తలమానికం 'తరగతిలో తెలుగు వినపడకూడదు' అన్నది. దాన్ని నువ్వు మాకు బోధించిన ఘట్టం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. రిసోర్స్ పర్సన్ స్లైడు మీద మూడు ఇంగ్లిష్ వాక్యాలు చదివారు. హాలంతా నిశ్శబ్దం. ఆయనకు మా మొహాలు చూసి జాలేసింది. మైకు పక్కన పెట్టి, "అంటే ఏంటంటే మేడమ్, మనం పిల్లలతో తెలుగులో మాట్లాడామనుకోండి, వాళ్లకు తెలుగే అలవాటవుతుంది. అందుకని అస్సలు తెలుగు వాడొద్దు" అని విడమరిచి చెప్పారు. అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. నలభై ఏళ్లవాళ్లకు బోధపడాలంటే తెలుగు కావలసి వచ్చింది, ఆరేళ్లవాళ్లకు అక్కర్లేదన్నమాట. చిన్నపిల్లల తెలివిమీద నీకెంత నమ్మకం!

నీ ఆజ్ఞను శిరసావహించడంలో ప్రైవేటు కాన్వెంట్లు మాకన్నా చురుకు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడి, తాము తెలుగు మాట్లాడబోమని రాసిన పలకలు పిల్లల మెళ్లో వేలాడదీసింది. రాష్ట్రమంతా గగ్గోలు పెట్టింది గాని వాళ్లు చేసిన తప్పేముంది? నువ్వు మర్యాదగా మాడ్యూల్‌లో అచ్చువేసిన మాటను వాళ్లు అట్టముక్క మీద రాశారు, అంతే తేడా.

ఆ పక్కనే నీ సర్వసమన్వయ దృష్టిని కూడా కీర్తించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్‌లో జీవో 81 వచ్చి, అదే నెలలో జీవో 85గా సవరించుకుని, సర్కారీ బడులన్నీ ఇంగ్లిష్ మీడియం అంది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెంటినీ కొట్టేసింది. కొట్టేసినా పుస్తకాలు మాత్రం వచ్చాయి. ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాష. తెలంగాణలో 2022లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడూ ఇలాగే రెండు భాషల పుస్తకాలు ఇచ్చారు. పిల్లకు తెలియని మాట తెలిసిన మాట పక్కన కనబడితే భయం పోతుందని పుస్తకం రాసినవాళ్ల ఆలోచన. పుస్తకంలో తెలుగు పేజీ వేసింది ప్రభుత్వం, ఆ పేజీ చదవొద్దని టీచరుకు శిక్షణ ఇచ్చింది కూడా ప్రభుత్వం. ఒక కంట సూర్యుణ్ణీ ఒక కంట చంద్రుణ్ణీ పెట్టుకున్నవాడికి ఇదొక లెక్కా!

చట్టాలను కూడా నువ్వు ఇలాగే సమాదరిస్తావు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో సాగాలంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా ఇంటిభాషే మేలంది, టీచరుకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలని కూడా అంది. మొదటి మాట వినిపించని నీ చెవికి రెండోది మాత్రం గంట కొట్టినట్టు వినబడింది. యాభై గంటలూ పూర్తిచేశావు.

చిన్నప్పుడే మొదలుపెడితే పసిపిల్లల నోట ఇంగ్లిష్ గలగలా పారుతుందని తల్లిదండ్రుల మీటింగ్‌లో చెప్పిస్తావు. రోజంతా ఆ భాష మధ్యనే పెరిగే పిల్లల సంగతి అది. వారానికి కొద్ది పీరియడ్లు మాత్రమే ఇంగ్లిష్ వినే పిల్లల సంగతి వేరని స్పెయిన్‌లో బార్సిలోనా పరిశోధకులు ఏళ్ల తరబడి పరీక్షలు పెట్టి తేల్చారు. ఒకే సంఖ్యలో పాఠాలు విన్నప్పుడు, ఆలస్యంగా మొదలుపెట్టిన పెద్దపిల్లలే ముందుండటం వాళ్ల కంటబడింది. ఎంత ఇంగ్లిష్ వింటున్నారు, ఎవరు ఎలా చెబుతున్నారన్నది వయసుకన్నా పెద్ద విషయమని దాని సారాంశం. ఇది చెబితే తల్లిదండ్రులు మా దగ్గరికి కాక నీ దగ్గరికొచ్చి, "టీచరుకు నేర్పించారా?" అని అడుగుతారు. ఎందుకొచ్చిన గొడవ! పిల్లను నర్సరీలో చేర్చేస్తే పోలా.

నీ చేతిలో పరీక్షలు కూడా మహిమలు చూపాయి. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమెరికాలో ప్రిన్స్‌టన్‌లోని ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని సర్కారీ బడులకు టోఫెల్ తెచ్చింది. మూడో తరగతి పిల్లకు కూడా ప్రిన్స్‌టన్ నుంచి ప్రశ్నపత్రం! 2024 ఏప్రిల్‌లో పరీక్ష జరిగింది. వేసవి గడిచేలోగా ప్రభుత్వం మారింది, ఆ వెనకే టోఫెల్ మాయమైంది. అంతకుముందు 2008లో హైస్కూళ్లలో సక్సెస్ స్కూళ్లంటూ ఇంగ్లిష్ సెక్షన్లు వచ్చినప్పుడు కూడా, తెలుగు మీడియంలో లెక్కలు చెబుతున్న సారు ఎండాకాలంలో పడుకుని లేచేసరికి ఇంగ్లిష్ మీడియం సారయ్యారు. ముందు తీర్పు, తర్వాత వాదన, ఆఖర్న తీరిక ఉంటే విచారణ. నేర్పేవాళ్లు తయారయ్యేదాకా ఆగుదామనే బద్ధకం నీ దరిదాపుల్లో లేదు.

ఇంతటి నీకు తెలియకుండా మా బళ్లో ఒక అపచారం జరిగింది, విన్నవించుకుంటాం. మాఘమాసంలో అకాల వర్షం పడుతోంది. ఒకటో తరగతికి టీచరు కిటికీలోంచి చూపించి "ఇట్ ఈజ్ రెయినింగ్" అంది. పిల్లలు అన్నారు. వెనక వరసలోంచి ఓ పిల్ల లేచి, "టీచర్, మా కళ్లంలో మిరపకాయలు తడిసిపోయినయ్, మా నాయన రాత్రంతా పట్టలు కప్పిండు" అంది. నీ శిక్షణ ప్రకారం టీచరు చేతులు కట్టుకుని "స్పీక్ ఇన్ ఇంగ్లిష్" అనాలి, పిల్ల కూర్చోవాలి, పాఠం సాగాలి. ఆమె అది మర్చిపోయింది. "అయ్యో, ఎన్ని బస్తాలే?" అని అడిగింది. పిల్ల చెప్పింది. తర్వాత టీచరు "చిల్లీస్ ఆర్ వెట్" అంది, తన చీరకొంగు చూపించి "మై శారీ ఈజ్ వెట్" అంది. తడిసి వచ్చిన ఒకడు తలకాయ ముట్టుకుని "మై హెడ్ ఈజ్ వెట్" అన్నాడు. ఇక ఆపడం ఎవరివల్లా కాలేదు. బ్యాగ్ ఈజ్ వెట్. డాగ్ ఈజ్ వెట్. "గేదె ఈజ్ వెట్" అన్నాడొకడు. "బఫెలో" అని టీచరు అందించింది, "బఫెలో ఈజ్ వెట్" అని తరగతి మొత్తం అరిచింది. మిరపకాయల పిల్ల ఇంటికి పోయేటప్పుడు కూడా "చిల్లీస్ ఆర్ వెట్" అంటూనే పోయింది.

ఆ పూటే తనిఖీకి వచ్చినవారు ట్యాబ్‌లో నింపారు. బోధనోపకరణాలు వాడారా: లేదు. లెసన్ ప్లాన్ ప్రకారం సాగిందా: లేదు. మాతృభాష వాడారా: అవును. మూడు ఎర్రగీతలు! గేదె ఇంగ్లిష్‌లో తడిసిన సంగతి నింపడానికి యాప్‌లో గడి లేదు. నేరం చేసిన టీచరు పేరు వచ్చే శిక్షణ జాబితాలో మొదట ఉంది. తెలిసిన దారిలో పిల్లను నడిపించే రోగానికి నీ దగ్గర మందుందని మాకు తెలుసు.

నీ భక్తుల జీవనసరళి కూడా కాస్త వర్ణిస్తే గాని స్తోత్రం సంపూర్ణం కాదు. మాలో చాలామందివి ఒకరో ఇద్దరో టీచర్లున్న బళ్లు. ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ ఒకే వరండాలో. పొద్దున రాగానే పిల్లల హాజరు ఒక యాప్‌లో, మా హాజరు మొహం చూపించి ఇంకో యాప్‌లో, మధ్యాహ్న భోజనం, గుడ్ల లెక్క, మొన్నమొన్నటిదాకా మరుగుదొడ్డి ఫొటో వేర్వేరు చోట్ల. నెట్‌వర్క్ కోసం చెట్టుకిందికి పోయి వచ్చేసరికి పావుగంట. ఇదంతా అయ్యాక నీ లెసన్ ప్లాన్ తీస్తే, అందులో వార్మప్‌కు అయిదు నిమిషాలు, పెయిర్ వర్క్‌కు పది, ఒక్కో పిల్ల దగ్గరికీ వెళ్లి సవరించడానికి ఇంకో పది అని రాసి ఉంటుంది. ఆ వరండాలో ఒకే తరగతి ఉందనీ, ఆ టీచరుకు ఒకే పని ఉందనీ ఊహించుకున్న నీ కవిహృదయానికి జోహార్లు.

అన్నిటికీ మించి, మేము ఇంగ్లిష్‌వాళ్లం కాకపోవడాన్ని నువ్వు క్షమించిన తీరు మరువలేం. హాలు తలుపు దాటగానే మా యాసను లోటుగా, మా తెలుగును మచ్చగా రాసుకుంటావు. మేము కూడా అలాగే నమ్మేశాం. ఒకనాడు 'ఈజ్'కూ 'ఆర్'కూ తేడా తెలియక దెబ్బలు తిని, ఏ మాట ఎందుకు తప్పిందో తలబద్దలు కొట్టుకుని నేర్చుకున్నవాళ్లం మేమే కదా, పిల్ల ఎక్కడ తప్పుతుందో చూడకుండానే చెప్పగలవాళ్లం కూడా మేమే కదా అని ఎవరన్నా అంటే, నవ్వి ఊరుకుంటావు. పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాడికి ఆ దెబ్బలు లేవు, ఆ దారీ గుర్తులేదు. ఇంత ఖరీదైన అనుభవాన్ని మా దగ్గరే వదిలేసి, దాన్ని దాచిపెట్టుకోమని మాకు ఏటా అయిదురోజులు నేర్పే దాతవు నువ్వు.

స్వామీ, భక్తులం గనక చివర ఒక వరం అడగాలి. నిధులు వద్దు, కొత్త ట్యాబులు వద్దు, ఫ్లెక్సీ అసలే వద్దు. ఈసారి నువ్వే మా బడికి రా. ఒకటి, రెండు తరగతులు కలిపి కూర్చోబెడతాం. ఫొటోగ్రాఫర్ ఉండడు, ముందుగా తర్ఫీదిచ్చిన పిల్లలు ఉండరు. నలభై నిమిషాలు నువ్వు ఇంగ్లిష్ చెప్పు, వెనక బల్లమీద మేం కూర్చుని చూస్తాం. తెలుగు మాట రాకుండా మిరపకాయల పిల్లచేత మాట్లాడించు. ఎక్కడ ఆగిపోతావో, ఎక్కడ నెగ్గుకొస్తావో రాసుకుని, అయిపోయాక కలిసి కూర్చుని మాట్లాడుకుందాం. కావాలంటే ఆ మాటలు ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకుందాం, మా నోరు కూడా తిరుగుతుంది. ఫీడ్‌బ్యాక్ ఫారం మేము నింపుతాం. 'వెరీ యూజ్‌ఫుల్' అని రాయడానికి మాకు మొట్టమొదటిసారి కారణం దొరుకుతుంది.

ఇక ఫలశ్రుతి. శ్రీమదాంగ్ల శిక్షణేశ్వర స్తోత్రాన్ని శిక్షణ స్పెల్ మొదటిరోజు పఠించినవారికి కూర్చునేందుకు చేతులున్న కుర్చీ లభించును. రెండోరోజు పఠించినవారికి భోజనంలో పప్పు రెండోసారి వడ్డింపబడును. మూడోరోజు పఠించినవారి ఫోన్లో సిగ్నల్ నిలుచును, ఫేస్ అటెండెన్స్ తొలి ప్రయత్నంలోనే పడును. నాలుగోరోజు పఠించినవారికి పాత శిక్షణల టీఏ డీఏ బకాయిలు కలలో కనబడును. అయిదోరోజు సర్టిఫికెట్ డౌన్‌లోడ్ అగును. 'ఇంతకీ పిల్లలకు ఇంగ్లిష్ వచ్చునా?' అని అడిగినవారికి మరో అయిదు రోజుల శిక్షణ ప్రాప్తించును.